ఆపానా గారి సోల్డరింగ్ స్టేషన్

ఆయన్ని వీధంతా ‘ఆపానా గారు’ అంటుంది. దుకాణానికి తాళం వేసి, దాన్ని లాగి చూసుకుని, మలుపు దాకా నడిచాక ఆయన ఠక్కున నిలబడిపోతాడు. “సోల్డరింగ్ ఐరన్ ఆపానా?” అంటాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఒకసారి బస్సు ఊరు దాటాక “ఆపానా?” అని అరిస్తే డ్రైవరు హడలిపోయి బస్సే ఆపేశాడు.

యాంప్లిఫయర్లు, రేడియోలు బాగుచేసే ఆ దుకాణం అన్నదమ్ములిద్దరిది; ఆపానా గారు తమ్ముడు. సాయంత్రం అన్నగారు నింపాదిగా ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటాడు. తమ్ముడేడని మరదలు అడిగితే, ఆపడానికి వెళ్లాడంటాడు. వెళ్లినవాడు గంటకు గానీ రాడు.

ఏడాదిగా ఇది రోజూ జరుగుతుండటంతో ఆపానా గారి భార్యకు కంటి మీద కునుకు లేదు. ఇవాళ ఐరన్‌ని మరిచిపోయినవాడు రేపు తనను మరిచిపోడని ఏముంది? అన్నం వడ్డిస్తూ, “నేనెవర్ని?” అని అడిగేది. “ఏం, నీకు గుర్తులేదా?” అని ఆయన కంగారుపడేవాడు.

చివరికి ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని పనిముట్ల దుకాణానికి వెళ్లింది. పెట్టిన అంకె దగ్గరే వేడిని నిలబెట్టే స్టేషన్లు మూడు చూపించాడు దుకాణదారు. మొదటిదాని వైరు బిరుసు. రెండోది తేలిక, మొనలు ఎక్కడైనా దొరుకుతాయి. మూడోదాన్ని స్టాండులో పెట్టి వదిలేస్తే కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. ఆమె వెంటనే మూడోదాని మీద చెయ్యి వేసింది.

ఆపానా గారి ముఖం పాలిపోయింది. “ఆగనిది లేదా?” అన్నాడు.

అందరూ ఆగేదే అడుగుతారని దుకాణదారు బిత్తరపోయాడు. మతిమరుపు ముదిరిందనుకుని ఆమె మూడోదే కొనిపించింది.

రెండు రోజులకే స్టేషన్ చెడిందన్నాడు ఆపానా గారు. అంకె మూడువందల యాభై డిగ్రీలు చూపిస్తోంది, టంకం మాత్రం కరగడం లేదు. ఆమె దాన్ని ఆయన చేతే మోయించుకుని వెళ్లింది. దుకాణదారు మొనను తడి స్పాంజి మీద తుడిచాడు. మెరుస్తూనే ఉంది. చల్లారాక పిడి తిప్పి చూశాడు. మొనను పట్టి ఉంచే నట్టు వదులైంది. లోపల హీటరు కాగుతోంది గానీ ఆ వేడి మొనకు అందడం లేదు.

“ఇది దానంతటది వదులు కాదమ్మా, ఎవరో తిప్పారు,” అన్నాడు బిగిస్తూ. ఆపానా గారు ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఆమె మలుపు దగ్గర కాపు కాసింది. అన్నదమ్ములు వచ్చారు. తమ్ముడు ఆగాడు. “ఆపానా?”

“అదే ఆగుతుంది కదండీ,” అంది ఆమె.

“ఆగిందో లేదో చూడాలిగా,” అంటూ ఆయన వెనుదిరిగాడు. అన్నగారు తన దారిన తాను ఇంటివైపు సాగిపోయాడు.

ఆమె భర్త వెనకాలే వెళ్లి, సగం దించిన షట్టరు కింద నుంచి తొంగి చూసింది. ఆయన ఒక బోర్డు మీదికి వంగి, వేసి ఉన్న అతుకులు కరిగించి మళ్లీ వేస్తున్నాడు. ఆమె పిలిచేసరికి దొంగలా ఉలిక్కిపడ్డాడు.

“అన్నయ్య చేతులు వణుకుతున్నాయి,” అన్నాడు. “అతుకు సరిగ్గా పట్టడం లేదు. సామాను తిరిగొస్తే ఇక దుకాణానికి రావడం మానేస్తాడు. ఆయన ఎదురుగా ఎలా దిద్దను?”

ఆమెకు ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఏడాదిగా పోగొట్టుకున్న నిద్ర గుర్తొచ్చి ఒళ్లు మండింది. నాలుగు తిట్టి, దీపం ఆయన దగ్గరికి జరిపి పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి అన్నగారి భోజనం అయిపోయింది. తమ్ముడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. స్టేషన్ ఆగే ఉందని ఆమె తనంతట తానే చెప్పింది.

“మంచిది,” అన్నాడు అన్నగారు. పెరటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “ఆ పెద్ద యాంప్లిఫయర్లో కింది వరస కూడా దిద్దాడా అమ్మా? అక్కడ నా చెయ్యి మరీ జారింది. నాకు తెలుసని వాడితో అనకు, సిగ్గుపడతాడు.”