ఉస్తాద్ ఇచ్చిన పెద్ద తుపాకి

మొన్న పొద్దున మా ఉస్తాద్ పోయారు. హుస్సేనీ ఆలం నుంచి ఆయన కూతురు మనిషిని పంపి కబురు చేసింది. రైల్వే వర్క్‌షాపులో వడ్రంగం పనిలో ఉన్నవాణ్ణి, రంపం కింద పెట్టి బయల్దేరాను. ఏడుపు రాలేదు. ఆ మనిషి కోసం ఏడవవలసినది ఎప్పుడో ఏడ్చేశాను.

నయాపూల్ దగ్గర ఆయనకు తుపాకుల దుకాణం ఉండేది. అడవుల్లో వేటకు ఇంకా పర్మిట్లు ఇస్తున్న రోజులవి. తుపాకి వెనక భుజానికి ఆనించే చెక్కను కుందా అంటారు. అది చెక్కడం నాకు ఆయనే నేర్పారు. అక్రోటు కర్రను కళ్లు మూసుకుని తడిమి, లోపలి పోగు ఎటు పోతుందో చెప్పేవారు. నేను పాడుచేసిన చెక్కలను పారేయనిచ్చేవారు కాదు, ఎక్కడ తప్పానో నాచేతే చెప్పించేవారు. ఈరోజు నా చేతికి తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే.

పేలగానే తుపాకి వెనక్కి తంతుంది. కుందా మనిషి కొలతకు కుదిరితే, తుపాకి కాస్త బరువుంటే, చివర రబ్బరు మెత్త ఉంటే ఆ తన్ను తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే పెద్ద బోరు, అంటే గొట్టం రంధ్రం పెద్దదైన తుపాకి కావాలన్నవాళ్లను ముందు చిన్నదానితో ఊరి బయట కాల్పించేవారు. గురి కుదిరిందా అని చూసేవారు కాదు, కాల్చేవాడి మొహం చూసేవారు.

"మొదటి గుండు అందరు కొడ్తరు. రెండో గుండుకు కండ్లు మూసుకునేటోనికి పెద్ద తుపాకి ఇయ్యొద్దు," అనేవారు.

ఒక కాంట్రాక్టరు అడవిదున్న వేటకని ఫోర్ సెవంటీ బోరు తుపాకి అడిగాడు. అంతకన్నా చిన్నది, త్రీ సెవంటీ ఫైవ్ సరిపోతుందని ఉస్తాద్ నచ్చజెప్పారు. దానితో కాల్పిస్తే, రెండో గుండుకు అతను ట్రిగ్గరు నొక్కకముందే కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం చూశాం. అయినా అతను పట్టు వదల్లేదు. పెద్ద గిరాకీలను వెంటబెట్టుకొచ్చే మనిషి కావడంతో చివరికి ఉస్తాద్ మెత్తబడ్డారు. కుందా కుదించి మందపాటి రబ్బరు పెట్టమన్నారు. ఆ తుపాకి అతనికి ఇవ్వొద్దని నేనన్నాను.

"నేను చూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నారు.

అడవిలో కాంట్రాక్టరు భయపడి కాల్చాడు. గుండు దున్న కడుపులోకి పోయింది. తుపాకి తన్నిన తన్నుకు అతని భుజం ఎముక విరిగింది. గాయపడ్డ దున్న, దారి చూపడానికి వెంట వెళ్లిన గోండు మనిషిని కుమ్మింది. అతనికి కాలు తీసేశారు.

కాంట్రాక్టరు చేతికి కట్టుతో దుకాణానికి వచ్చి లొల్లి చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఉస్తాద్ నా వైపు చూడలేదు.

"కుందా మావోడు పెట్టిండు సాబ్. కొలత తప్పిండు. నేను చూస్కోలే."

తర్వాత ఎందుకలా అన్నారని అడిగాను. ఆయన ఆకురాయి కింద పెట్టకుండానే జవాబిచ్చారు.

"నా పేరు పోతె దుకాణమే పోతది. నువ్వు వయసులున్నవు, యాడన్న బతుకుతవు."

నిజమే, దుకాణంలో పని పోయినా బతికాను. కానీ నిజం చెబుదామని ఆసుపత్రికి వెళితే, తప్పు నాదేనని అప్పటికే విని ఉన్న ఆ గోండు మనిషి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎంతసేపు నిలబడ్డా ఇటు తిరగలేదు. ఉస్తాద్ నా దగ్గర తీసుకున్నది ఉద్యోగం ఒక్కటే అయితే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

మొన్న శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. జనంలోంచి ఆ కాంట్రాక్టరు వచ్చాడు, ముసలివాడైపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. పక్కవాళ్లతో అంటున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. పనోడు చేసిన తప్పు గూడ నా మొహం మీద ఒప్పుకున్నడు."

ఆ మాట విని ఉస్తాద్ కూతురు నన్ను చూసి తల దించుకుంది. ఆయన ఇంట్లో నిజం చెప్పారని అప్పుడు తెలిసింది. బయట చెప్పడానికి ఆయనకు ఇన్నేళ్లూ చాలలేదు.

ఆనాటి దెబ్బకు కాంట్రాక్టరు కుడి చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. ఎడమ చేత్తో వేసిన దండ ఉస్తాద్ నోటి మీదికి జారింది. ఎవరూ గమనించలేదు. నేనే వంగి, దాన్ని మెడ మీదికి సర్దాను.