గట్టిగా లాగు బ్రదర్

మా సంఘంలో తలుపు తెరుచుకోకపోతే దేవుడు వద్దంటున్నాడని ఎవరూ అనుకోరు. సాతాను అడ్డుపడుతున్నాడు, ఇంకా గట్టిగా ప్రార్థించాలి అంటారు. వీసా ఆగినా అంతే, బాయిలర్ ఆగినా అంతే. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను. దానితోనే ఒక శనివారం మా పాస్టరు అయ్యగారి కన్ను పోగొట్టబోయాను.

శనివారం ఉపవాస ప్రార్థన మాని నేను రైఫిల్ క్లబ్‌కు పోతానని అయ్యగారికి కోపం. "నీ విగ్రహమేంటో నేనే వచ్చి చూస్తా" అని, అతిథులను రానిచ్చే రోజున బ్రాక్‌నెల్ నుంచి నా కారులోనే బయల్దేరారు. దారిలో శాండ్‌విచ్ తిన్నారు. ఉపవాసం సంగతి నేను అడగలేదు.

నా రైఫిల్ చూడటానికి సెమీ ఆటోమేటిక్‌లా ఉంటుంది. ఈ ఇంగ్లీషువాళ్ల దేశంలో మామూలు జనానికి అసలుది ఇవ్వరు కాబట్టి, పేల్చిన ప్రతిసారీ తూటా వెనక మూసి ఉంచే బోల్టును చేత్తో వెనక్కి లాగాలి. అప్పుడు తూటా ఖాళీ గొట్టం బయటికి ఎగిరిపడుతుంది. తూటాలు ఇంట్లో నేనే నింపుకుంటాను. ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ల, లోపల తూచి పోసిన మందు, పైన గుండు. ఆ వారం వేరే కంపెనీ గొట్టాలు తెచ్చాను. గొట్టం మారితే మందు తగ్గించి మొదలుపెట్టి, పరీక్షిస్తూ మెల్లగా పెంచాలి. నేను పాత కొలతే పోసి, ప్రార్థన చేసి డబ్బా మూత పెట్టాను.

అయ్యగారికి చూపించడానికి మొదటిది నేనే పేల్చాను. బోల్టు కదల్లేదు.

"రాదేంటి?" అన్నారు అయ్యగారు.

"కాస్త బిగుసుకుందండీ."

"సాతాను శోధన. గట్టిగా లాగు బ్రదర్!"

స్తోత్రం అని లాగాను, వచ్చింది. గుండ్రటి అంచు ఉండాల్సిన ప్రైమర్ ఇస్త్రీ చేసినట్టు చదునైపోయింది. గొట్టం అడుగున గోరంత మెరుపు గీత. చూశాను. చూసి జేబులో వేసుకున్నాను. రెండోది పేల్చాక అరచేత్తో గుద్దితేగానీ బోల్టు రాలేదు. మూడోది అయ్యగారి వంతు. అప్పటికే చప్పుడు వినపడకుండా చెవులకు మఫ్స్ పెట్టుకుని, రైఫిల్ వెనక చాప మీద బోర్లా పడుకున్నారు.

ఆ రోజు క్లబ్‌లో కాల్పుల లైను చూసుకునే పెద్దాయనే నాకు తూటాలు నింపడం నేర్పింది. రిటైరైన ఇంజనీరు, పక్కా నాస్తికుడు. నా ముందు చెయ్యి చాపాడు.

"జేబులోది ఇలా ఇవ్వు."

ఇచ్చాను. వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు.

"ఏం మార్చావ్?"

"ఏం లేదు."

"ఏం మార్చావ్?"

"గొట్టాలు."

"కొత్తవాటి గోడలు మందం. లోపల చోటు తక్కువ. మందు మాత్రం అంతే పోశావ్. ఒత్తిడి ఎక్కడికి పోతుందనుకున్నావ్? చెయ్యి నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ప్రైమర్ చెప్పింది, గీత చెప్పింది, చివరికి నీ చెయ్యి కూడా చెప్పింది. ఇంకెవరు చెప్పాలి నీకు?"

మఫ్స్ వల్ల అయ్యగారికి ఒక్క ముక్కా వినపడలేదు. తల తిప్పి, "ఏంటి ఆలస్యం?" అని అరిచారు. టైమ్ అయిపోయిందని అబద్ధమాడొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఆయన చెంప మళ్లీ రైఫిల్‌కు ఆనుకుంది. వంగి ఆయన మఫ్ పక్కకు లాగాను.

"అయ్యగారూ, లేవండి. ఈ తూటాలు నేను తప్పుగా నింపాను. గొట్టం పగిలితే మీ మొహం మీదికొస్తుంది."

అయ్యగారు లేచి కూర్చుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"సాతాను కాదా?"

"కాదండీ. నేనే."

ఇంటికొచ్చి, సుత్తిలాంటి పనిముట్టుతో ఆ తూటాలన్నీ ఒక్కొక్కటే విప్పాను. ఇంత పొడవు ఒప్పుకోలు ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు.

ఆదివారం, మేం అద్దెకు తీసుకునే కౌన్సిల్ హాల్లో ఆరాధనలో సాక్ష్యం చెప్పమని అయ్యగారే పిలిచారు. దేవుడు మూడు గుర్తులు చూపించాడని, మూడూ లెక్కచేయలేదని, చివరికి విసుగొచ్చి ఒక నాస్తికుణ్ణి పంపాడని చెప్పాను. గట్టిగా లాగమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.

కూర్చోబోతుంటే అయ్యగారు మైకు అందుకున్నారు.

"ఒకటి వదిలేశాడు. గట్టిగా లాగమన్నది నేనే. ఏమీ తెలియకుండా అన్నాను."

ముందు వరుసలోంచి పాస్టరమ్మగారి ఆమెన్ ఒక్కటే, కిటికీలు అదిరేలా వినిపించింది.