అత్త ఎక్కిన విలాయతీ బండి

ఆ రోజుల్లో మాకు రాని పని అంటూ ఉండేది కాదు. పని మొదలుపెట్టాకే అది మాకు రాదని తెలిసేది. ఇప్పటి పిల్లలు పాత బండి బాగు చేయాలంటే ముందు ఫోన్లో వీడియో చూసి, తర్వాత స్పానర్ పడుతున్నారు. మేము ముందు స్పానర్ పట్టి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. నేను చెప్పే కథల్లో కొంచెం మసాలా ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ ఇందులో ఆంబోతు సంగతి మాత్రం అక్షరాలా జరిగింది (మిగతా దానికి నేను పూచీ కాదు).

మా మేనమామది గౌలిపురలో పాల వ్యాపారం. ఆయన పాలు పోసే దొరల దేవిడీని, అంటే వాళ్ళ పాత మేడను, కూలుస్తున్నప్పుడు, దాని షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన విలాయతీ కారొకటి బయటపడింది. తుక్కువాడికి పోయేలోపు "నాకియ్యుండ్రి దొరా" అని మామ అడిగాడట, వాళ్ళు సరేనన్నారట. ఇంజను కదలదు కనుక మామ బర్రెలే దాన్ని ఇంటిదాకా లాక్కొచ్చాయి. ఎంత పొడుగు బండంటే, ముందు దీపాలు మామ ఇంట్లోకి వచ్చేసరికి వెనక చక్రాలింకా పక్కింటివాళ్ళ ముగ్గు తొక్కుతున్నాయి. దానికి చోటు కావాలి కదా! కొట్టంలోని బర్రెలను అత్త తమ్ముడి కొట్టానికి తోలారు. పాపం, అత్త రెండు పూటలా బకెట్ పట్టుకుని పక్క గల్లీకి నడిచిపోయి పాలు పితకాల్సి వచ్చింది.

"పాలియ్యది, పేడెయ్యది, పిలిస్తే పలుకది. గీ ఇనుప బర్రె ఇంట్ల ఎందుకయ్యా?" అని ఆమె రోజూ అడిగేది.

"జర ఓపిక పట్టవే, నిన్ను రాణి లెక్క తిప్పుత," అని మామ రోజూ చెప్పేవాడు.

అప్పుడే నా డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం రాలేదు కనుక ఆ బండికి చీఫ్ ఇంజనీరుగా చేరాను (నియామకం నేనే చేసుకున్నాను). అసలు పని తెలిసినవాడు శాలిబండ మెకానిక్ ఒకాయన. నోరు మూయకుండా మాట్లాడతాడని ఆయనకు సైలెన్సర్ భాయ్ అని పేరు. ఎలుకలు తిన్న వైర్లన్నీ ఆయన మార్చాడు. తుప్పు పట్టిన పెట్రోలు ట్యాంకును విప్పి, అందులో కంకర పోసి, గల్లీలో ఆ చివరి నుంచి ఈ చివరికి నాచేత దొర్లించాడు. ఆ చప్పుడుకు పిల్లలు లేచారు, ముసలివాళ్ళు తిట్టారు, తుప్పు మాత్రం బ్రహ్మాండంగా రాలింది. ఇత్తడి దీపాలను నేను పూజ చెంబులు తోమినట్టు చింతపండుతో తోమాను. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయబోతే అది వెనక్కి తన్ని నా మణికట్టు వాచింది. కట్టు కట్టుకుని గల్లీలో తిరుగుతుంటే ఎవరైనా అడిగేవారు. "ఇంజన్ పని" అని ముక్తసరిగా జవాబిచ్చేవాణ్ణి. ఆ గొప్ప నాకు డిగ్రీతో కూడా రాలేదు.

బండి స్టార్టయ్యేది. రెండు దగ్గులు దగ్గి మళ్ళీ పడుకునేది. దసరా దగ్గరపడేసరికి అత్త ఓపిక అయిపోయింది.

"పండుగనాడు నేను ఎక్కి కూసుంట. శాలిబండ గుడి దాకా తీస్కపో. నడుమల గిది ఆగిందా, తెల్లారే తుక్కోడిని పిలుస్త, నా బర్రెలు నా ఇంటికొస్తయి. మాటంటే మాట!"

మామ మొహం తెల్లబోయింది. సైలెన్సర్ భాయ్ మాత్రం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "భాభీ, ఫికర్ నై కర్నా! ఇంజన్ కాదిది, షేర్ హై షేర్!"

దసరా పొద్దున బండి నిజంగానే సింహంలా గుర్రుమంది. ఆయుధ పూజలో ఇక మాకు ఒళ్ళు తెలియలేదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి నేను గంపల కొద్దీ బంతిపూలు తెచ్చాను. ఎంత పెద్ద బండికి అంత పెద్ద దండ ఉండాలి కదా! రేడియేటర్ ముందుండే జాలీ మీద దండలు వరస మీద వరస కట్టాం, దాని మీద మామిడాకులు, ఆ పైన పాలవాళ్ళ సంఘం వేసిన గజమాల. గాలి పోయే సందు కూడా లేకుండా అలంకరించామని ఎంత మురిసిపోయామో! అత్త పట్టుచీర కట్టుకుని, మొహం గంటు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

స్టీరింగ్ ముందు మామ, ఆయన పక్కన సైలెన్సర్ భాయ్, నేను ఎక్కాం. గౌలిపుర గల్లీలు దాటాం. శాలిబండ ఎత్తు ఎక్కుతుండగా ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజను ఎక్కిళ్ళు మొదలుపెట్టింది.

"ఏంది భాయ్ గిది?" మామ స్టీరింగ్‌ను రెండు చేతులా బిగించాడు.

"కుచ్ నై సేఠ్, షేర్ జర ఆవలిస్తున్నడు!"

వెనక నుంచి అత్త, "ఆగిందా?" అంది. ఆ ఒక్క మాటలో తుక్కువాడి తక్కెడ నాకు కళ్ళ ముందు కనపడింది.

సరిగ్గా అప్పుడే రోడ్డు నడిమధ్యకు ఒక ఆంబోతు వచ్చి నిలబడింది. మామ బ్రేకు తొక్కాడు. అది తీరిగ్గా దగ్గరికొచ్చి, గజమాల కొస పట్టి, నమలడం మొదలుపెట్టింది. నేను దూకి, బండికి కట్టిన జెండా కర్ర పీకి ఎత్తాను.

"ఏయ్! పండుగనాడు నోరులేనిదాన్ని కొడ్తవురా? కర్ర కింద పడెయ్," అని అత్త కేక. పాడి పశువుల మధ్యే పెరిగే గౌలీల ఆడపడుచు ముందు పశువు మీద చెయ్యెత్తే ధైర్యం ఎవరికుంది?

వెనక బస్సులు, ఆటోలు, హారన్ల లొల్లి. ఆంబోతు దండలు తింది, మామిడాకులు తింది, నా చొక్కా కొస కూడా రుచి చూసింది. మేము ఏడుపు మొహాలతో నిలబడ్డాం. ఇంతలో సైలెన్సర్ భాయ్ ముల్లు వైపు వేలు చూపించాడు. జీవితంలో మొదటిసారి ఆయన నోట మాట రాలేదు. ముల్లు కిందికి దిగుతోంది! పువ్వులు పోయిన జాలీలోంచి గాలి ఆడుతోంది, ఎక్కిళ్ళు ఆగాయి, ఇంజను మెత్తగా తిరుగుతోంది. అంటే ఇన్నాళ్ళు చాకిరీ చేశాక, చివర్లో దానికి ఊపిరాడకుండా చేసింది మా భక్తే!

ఆంబోతు త్రేన్చి పక్కకు జరిగింది. మామ మాత్రం బండి కదిలించలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, దొంగలా అడిగాడు. "ఆగినట్టేనా?"

అత్త బయటికి చూసింది. రోడ్డుకు రెండు వైపులా దుకాణాల మెట్ల మీద జనం నిలబడి బండినీ, బండిలోని ఆమెనూ చూస్తున్నారు. ఆమె కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంది.

"ఇంజన్ ఆగిందా? ఆగలే. నిలబెట్టింది పశువు. దానికీ దీనికీ ఏం సంబంధం? పోనీయ్."

గుడి చేరాం, కొబ్బరికాయ కొట్టాం. మామ బండిని ఇంటివైపు తిప్పబోతే అత్త ముందుకు వంగి ఆయన భుజం తట్టింది. "గిటెందుకు? చార్మినార్ మీదికెల్లి పోనీయ్. మా అక్కోళ్ళ గల్లీల జర నిమ్మళంగ నడుపు. హారన్ కొట్టు."

బండి తుక్కుకు పోలేదు. మరుసటి నెలలోనే కొట్టం గోడ జరిపి బర్రెలకూ చోటు చేశారు. ఇప్పటికీ ప్రతి ఆదివారం నేను వెళ్ళి ప్లగ్గులు తుడుస్తాను, నీళ్ళు చూస్తాను, గల్లీ చివరిదాకా తిప్పుతాను. అత్త వెనక సీట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎక్కడ చప్పుడు తేడాగా వస్తోందో చెబుతుంది. కొట్టం గోడ మీద ఆనాటి ఫొటో ఒకటి ఉంది. చేతికి కట్టుతో, బానెట్ మీద మోచెయ్యి ఆనించి, బండిని తానే కన్నట్టు నిలబడ్డాడు ఒక బక్క కుర్రాడు. వాడికి కార్బురేటర్‌కూ కాఫీ ఫిల్టర్‌కూ తేడా తెలియదు. నాకిప్పుడు ఆ బండిలో ప్రతి నట్టూ తెలుసు. అయినా బానెట్ ఎత్తే ముందు ప్రతిసారీ వాడి వైపు ఒకసారి చూసి నవ్వుకుంటాను. వాడికున్న ధీమాలో ఒక చెంచాడు అప్పిస్తాడేమోనని.