టీచరమ్మ చేతిలోని పైపు

యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది మా చర్చి టీచరమ్మ. ఏది చదివించినా వాక్యం చివర వేలు ఆనించి, "అంటే ఏంది?" అని అడిగేది. అర్థం చెప్పేదాకా వేలు తీసేది కాదు.

పుల్లలచెరువు దగ్గరి మా ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయిన వేసవి అది. బైబిల్లో దేవుడు పరిపూర్ణుడు, మీరూ అట్లాగే ఉండండి అని చెప్పే మాట దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఏ తప్పూ లేనోడని," అన్నాను.

"దానికి పైన రాసింది చదువు."

మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఆయన వాన కురిపిస్తాడని కూడబలుక్కుని చదివాను.

"అదే పరిపూర్ణత. మనిషిని చూసి తగ్గించడు," అంది.

"మనూళ్లో ఎవురి మీదా కురిపించడు గదమ్మా. అదీ సమానమే."

ఆమె నవ్వింది.

అంతలో నీళ్ల ట్యాంకరు వచ్చింది. పైపు పట్టేది ఎప్పుడూ ఆమే. నా బిందెల వెనక మా తోడికోడలి బిందెలున్నాయి. బిందెలు వరసలో పెట్టి తను కూలికి పోయింది. పొలం గట్టు తగాదాతో మా మధ్య రెండేళ్లుగా మాటల్లేవు. ట్యాంకరులో నీళ్లు అడుగంటుతున్నాయి.

"దానివి వదిలెయ్యమ్మా. నాకే ఇంకో రెండు పట్టు."

టీచరమ్మ పైపు నా చేతిలో పెట్టింది. "వాన సంగతి నాకు తెలీదు మే, ఆయన్నే అడగాల. ఇది మాత్రం నీ చేతిలో ఉండాది."

నీళ్లు నేలపాలవుతున్నాయని వెనకవాళ్లు అరిచినారు. పైపు తోడికోడలి బిందెలో పెట్టాను.

సాయంత్రం తోడికోడలు వచ్చి, ఎటో చూస్తూ, "నా బిందెలు ఎవురు నింపినారు?" అని అడిగింది.

"టీచరమ్మ," అన్నాను.

రెండేళ్ల తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాట అది.