మా ఆయన కుర్చీల పందెం

మా ఆయనకి ఈ పేటలో అసలు పేరు లేదు. అందరికీ చక్రం మావయ్య. ఆయన కంటే పెద్దవాళ్లు కూడా మావయ్య అనే అంటారు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ "మీ చక్రం ఏడే?" అనే అడిగేది. సైకిళ్లు బాగుచేసే మనిషి. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కన ఒక బేరింగు పెట్టుకుని తిప్పి చూస్తుంటాడు. "ఆ బేరింగునే పెళ్లి చేసుకోకపోయావా" అని ఎన్నిసార్లు దెప్పానో. నవ్వుతాడు తప్ప కోపం తెచ్చుకోడు. మా ఇంట్లో కోపం డిపార్టుమెంటు మొత్తం నాది.

నేను డాబా మీద బట్టలారేస్తూ కింద పడ్డాను. నడుం కింద నుంచి నా కాళ్లు నావి కాకుండా పోయాయి. ఆసుపత్రిలో మందులిచ్చారు, ధైర్యం చెప్పారు, ఇంటికి వెళ్లమన్నారు. ఎలా వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వీల్‌చైర్ ధర విని మా ఆయన నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఎక్కడో ఒక పాత ఇనప కుర్చీ సంపాదించి, దానికి రెండు సైకిల్ చక్రాలు, ముందు రెండు సామాన్ల బండి చక్రాలు బిగించి తెచ్చాడు. ఎక్కి కూర్చుంటే కుడివైపుకి లాగేది. ఎడమ చక్రంలో ఒక స్పోకు వదులై, తిరిగినప్పుడల్లా బ్రేకు కడ్డీకి తగిలి టక్కుమనేది. "రేపు సరిచేస్తానులే" అన్నాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు. ఊరందరి బండ్లూ బాగుచేసే మనిషికి ఇంట్లో కుర్చీ ఎందుకు కనబడుతుంది!

కొన్నాళ్లకి ఆసుపత్రి వార్డుబాయ్ వచ్చి, "మావయ్యా, అలాంటిది ఇంకోటి చేసిపెట్టు, ఒక మనిషిని ఇంటికి పంపాలి" అన్నాడు. అలా మొదలైంది. పారేసిన కుర్చీలు ఏరుకొచ్చి బాగుచేయడం, కావలసినవాళ్లకి ఊరికే ఇవ్వడం, అవసరం తీరాక తిరిగి తీసుకోవడం. పేటలో ప్రింటింగు ప్రెస్సు వెనక రేకుల షెడ్డు మా ఆఫీసు. సంఘం అని రిజిస్టరు కూడా చేయించాం. అధ్యక్షుడు ఆయన, కార్యదర్శిని నేను, సభ్యులు కుర్చీలు. ఫోను నా దగ్గరుండేది. ఏ ఇంట్లో ఏ కుర్చీ ఉందో నాకు నోటికొచ్చు.

అవసరం రెండు రకాలుగా తీరుతుంది. కుర్చీ తిరిగి తెచ్చినవాళ్ల చేతిలో పండ్ల సంచి ఉంటే మనిషి లేచి నడుస్తున్నాడని అర్థం. ఉత్త చేతులతో వస్తే మా ఆయన ఏమీ అడగడు. కుర్చీ అందుకుని, సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెడతాడు. ఆ పూట అన్నం కెలికి లేచిపోతాడు.

ప్రెస్సు పెద్దాయన పోయాక ఆయన కొడుకు చేతికి వచ్చింది వ్యవహారం. మర్యాదస్తుడే, మొహం మీద అరవలేదు. "మావయ్యా, నాన్న ఊరికే ఉండనిచ్చాడు, నా వల్ల కావట్లేదు. ఏడాది అద్దె ఒకేసారి కట్టండి, లేకపోతే నెలాఖరుకి ఖాళీ చేయండి" అన్నాడు. మాది ఒంటి గది ఇల్లు. షెడ్డు పోతే కుర్చీలూ పనిముట్లూ పాత ఇనప సామాన్ల కొట్టుకి వేయడమే. ఆ మాట మా ఆయన పైకి అనలేదు. కానీ రోజూ షెడ్డుకి వెళ్లి, పనేమీ లేకపోయినా సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు.

విరాళాల కోసం మేం పడని పాట్లు లేవు. మా ఆయన డబ్బా పట్టుకుని బస్టాండులో నిలబడితే ముష్టివాడనుకున్నారు. ఒకావిడ జాలిపడి అరటిపండు ఇచ్చింది, తెచ్చి నాకు పెట్టాడు. ఇంటింటికీ తిరిగి పాత బట్టలు పోగేసి అమ్మకం పెడితే, ఇచ్చినవాళ్లే వచ్చి తమ బట్టలు చూసుకుని పోయారు. పాటల కచేరీ పెట్టాం. పాపం ఆ గాయని ఊరికే పాడటానికి ఒప్పుకుంది. హాలు బోసిగా కనబడుతోందని మా ఆయన ముందు వరసలో వీల్‌చైర్లు సర్దాడు. అవీ ఖాళీయే. ఆవిడ కళ్లు మూసుకుని పాడింది. నేను చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులు వాచాయి.

అప్పుడొచ్చింది ఐడియాల అమ్మాయి. ఏదో పెద్ద ఆఫీసులో పని, సెలవు రోజుల్లో మాలాంటివాళ్లకి సాయం చేస్తుందిట. లాప్‌టాప్ మా మంచం మీద పెట్టుకుని ఒక్కొక్కటే చూపించింది. వంటల పోటీ, క్విజ్, బొమ్మల వేలం, అయిదు కిలోమీటర్ల నడక.

"నడకా?" అన్నాను. "అమ్మాయీ, ఒకసారి నా కాళ్ల వంక చూడు."

నాలిక కరుచుకుంది. తర్వాత ఉన్నట్టుండి దాని మొహం వెలిగింది. "ఆంటీ, వీల్‌చైర్ రేసు! ఆఫీసులవాళ్లు జట్లుగా వస్తారు. జట్టుకింత అని కడతారు. గంటసేపు కుర్చీలో కూర్చుంటే వాళ్లకీ తెలుస్తుంది కదా మీ కష్టం."

ఎందుకు అబద్ధం చెప్పాలి, నాకూ నచ్చింది. మా ఆయనైతే ఆ పిల్లకి దండం పెట్టినంత పని చేశాడు. మర్నాటికల్లా ఆఫీసులు వరసకట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది మాకు, పందేనికి కుర్చీలెక్కడివని. షెడ్డులో ఉన్నవి విరిగినవీ సగం విప్పినవీ. మంచివన్నీ మనుషుల కింద ఉన్నాయి.

"ఒక్కరోజుకి అడిగి తెస్తా" అన్నాడు. "పొద్దున తీసుకుంటాం, సాయంత్రం ఇచ్చేస్తాం."

ఎవరూ కాదనలేదు. ఆయన మొహం చూసి ఎలా కాదంటారు? దర్జీ ఆవిడ ఒక్కతే గుమ్మంలోంచే పంపేసింది. "మావయ్యా, ఇది కుర్చీ అనుకుంటున్నావా? నా కాళ్లు. కాళ్లు ఎవరైనా అరువిస్తారా?" అందిట. మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. దాంతో ఒక కుర్చీ తక్కువైంది. నా వంక చూడకుండా నా కుర్చీ వంక చూశాడు.

"తీసుకుపో" అన్నాను. "దాన్ని అలా చూడకు, సిగ్గుపడుతుంది."

పందెం రోజు పొద్దున నన్ను మంచం మీద కూర్చోబెట్టి, వెనక దిండ్లు సర్ది, నీళ్లు, బెడ్‌పాన్, ఫోను చేతికందేలా పెట్టి, నా కుర్చీ తోసుకుంటూ వెళ్లాడు. టక్కు, టక్కు, టక్కుమంటూ సందు మలుపు తిరిగేదాకా వినబడింది.

మధ్యాహ్నం దాకా ఫోన్లన్నీ సరదాగానే వచ్చాయి. "మా కుర్చీ గెలిచిందా అక్కా?" అని ఒకరు, "మా కుర్చీకి మెడలో పతకం వేయండి" అని ఒకరు. తర్వాత ఐడియాల అమ్మాయి వీడియో పంపింది.

మైదానమంతా జనం, రంగురంగుల బనీన్లు, కేకలు. ప్రతి కుర్చీనీ నేను గుర్తుపట్టాను. గడ్డిలో గోతులున్నాయి. ముందు చిన్న చక్రాలు గోతిలో పడితే ఏమవుతుందో ఆ కూర్చున్నవాళ్లకి ఏం తెలుసు? పడి, లేచి, పగలబడి నవ్వుతున్నారు. ఒక లావుపాటి ఆయన ఒళ్లో ఇంకో లావుపాటి ఆయన కూర్చుని ఫొటో దిగుతున్నాడు. ఒకడు ముందు చక్రాలు గాల్లోకి లేపి గిర్రున తిప్పుతుంటే చుట్టూ చప్పట్లు. ఆ కుర్చీ మా సందు చివరి తాతగారిది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. దుర్మార్గులు కారు, డబ్బు కట్టి మంచిపని చేస్తున్నామనుకుంటున్నారు.

ఆ గోలలో మా ఆయన అటూ ఇటూ పరుగెడుతున్నాడు. "నెమ్మది సార్! నెమ్మదమ్మా!" ఆయన మాట ఎవరికీ వినబడటం లేదు. ఒక చేత్తో, జనం చాటున సరిగ్గా కనబడని ఒక ఖాళీ కుర్చీని పట్టుకుని దాన్నీ వెంట లాక్కుంటూ పరుగెడుతున్నాడు. ఈ మనిషి పరుగెత్తేటప్పుడు కూడా చక్రం వదలడు కదా అనుకున్నాను.

సాయంత్రం అయ్యేసరికి ఫోన్ల గొంతు మారింది. "పిల్లాడు తలుపు దగ్గరే కూర్చున్నాడక్కా, ఎప్పుడొస్తుంది?" "వస్తోందమ్మా." "నాన్న పొద్దుటి నుంచి నేల మీదే ఉన్నాడండీ." "దారిలో ఉంది." నోటికి వచ్చిన అబద్ధమల్లా చెప్పాను. నేనూ మంచం మీద నుంచి కదల్లేకుండా ఉన్నాను. బెడ్‌పాన్ కింద పడి దొర్లిపోయి చాలాసేపయింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోను?

చివరికి తాతగారి కూతురు ఫోను చేసింది. ఆయనకి డయాలసిస్. మా సందులోకి ఆటో రాదు, కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు దాకా తోసుకెళ్లాలి. "రేపు పొద్దున్నే వెళ్లాలి పిన్నీ. ఇప్పటికే ఆయాసపడుతున్నాడు. తప్పితే..." అని ఆగిపోయింది.

"నా మాట విను. చీకటి పడకముందే మీ గుమ్మంలో కుర్చీ ఉంటుంది. నేను చెప్తున్నానుగా" అన్నాను. వెంటనే మా ఆయనకి చేశాను. "ఏమయ్యా, ఎవరు తిట్టుకున్నా తిట్టుకోనీ. ముందు తాతగారికి కుర్చీ చేర్చు. నేను మాటిచ్చాను."

"ఊఁ" అన్నాడు. అంతే. ఆ ఊఁలో ఏముందో నేను పట్టించుకోలేదు.

ఎండ గోడ దిగిపోతుండగా వినబడింది. టక్కు, టక్కు, టక్కు. నా కుర్చీ! నాకు ప్రాణం లేచొచ్చింది. చీర సర్దుకున్నాను, జుట్టు ముడి వేసుకున్నాను, పిచ్చిదానిలా నాలో నేనే నవ్వుకున్నాను. టక్కు కిటికీ దగ్గరకి వచ్చింది. నెమ్మదించింది. మళ్లీ అందుకుని ముందుకి పోయింది.

"ఏమయ్యా!" అని అరిచాను. చప్పుడు ఆగింది. మళ్లీ టక్కు, టక్కుమంటూ సందు చివరకి పోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ క్షణంలో మా ఆయన మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. తాతగారి మీద, ఆయన కూతురి మీద, మాటిచ్చిన నా నోటి మీద కూడా.

కాసేపటికి ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా అంతా మట్టి.

"ఎన్ని మిగిలాయి?" అన్నాను.

"నీదొక్కటే. మిగతావాటి రిమ్ములు వంగిపోయాయి, చిన్న చక్రాలు విరిగిపోయాయి. తాతగారి దానికైతే ఫ్రేమే రెండుగా చీలింది, వెల్డింగు కూడా పట్టదు."

"నాది ఎలా మిగిలింది?"

నేల చూపులు చూశాడు. "ఎవర్నీ ఎక్కనివ్వలేదు. పంక్చరైందని అబద్ధం చెప్పా. రోజంతా చెయ్యి వదల్లేదు."

వీడియోలో ఆయన వెంట పరుగెత్తిన ఖాళీ కుర్చీ నాదన్నమాట.

"అంత దాచినవాడివి, గుమ్మం దాకా తెచ్చి ఎలా దాటించావయ్యా?"

"మాటిచ్చాను అన్నావుగా."

"మాటే ఇచ్చాను. నా కుర్చీ ఇస్తానన్నానా?"

నా చీర తడిసి ఉండటం చూసి, నన్నెత్తుకుని స్నానాల గదిలోకి తీసుకెళ్లాడు. ఇద్దరం ఏడ్చాం. మంచం మీద ఫోను మోగుతూనే ఉంది.

డబ్బు బాగానే వచ్చింది. తలుపంత చెక్కు అట్ట ఇచ్చారు, ఇప్పటికీ గోడకి ఆనించి ఉంది. ఐడియాల అమ్మాయి విషయం తెలిసి వెక్కి వెక్కి ఏడ్చింది, జీతంలోంచి కూడా ఇచ్చింది. అయినా ఆ డబ్బు షెడ్డుకి కట్టాలా, రిమ్ములకి పెట్టాలా? మా ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. రిమ్ములు కొన్నాడు. నెలాఖరుకి షెడ్డు తాళం ఇచ్చేశాడు. ఇప్పుడు విరిగిన కుర్చీలన్నీ మా గదిలోనే, నా మంచం చుట్టూ, కప్పు దాకా ఉన్నాయి. ఒక్కొక్కటే బాగుచేసి, ఒక్కొక్క ఇంటికీ ఇచ్చి వస్తున్నాడు. డబ్బు అయిపోయింది, కుర్చీలు అయిపోలేదు. తాతగారికి వేరేది లేదు. నా వంతు అందరికంటే చివర. నేనే చెప్పాను, ఇంకెవరు చెప్తారు?

డయాలసిస్ రోజుల్లో పొద్దున్నే నా కుర్చీ కిటికీ ముందు నుంచి రోడ్డుకి వెళ్తుంది. మంచం మీద పడుకుని వింటాను. తాతగారు ఇక లేచి నడవరు. పండ్ల సంచితో ఆ కుర్చీ తిరిగి రాదు. అది నా దగ్గరకి రావాలంటే ఒకటే దారి, ఆ దారి తలుచుకోకూడదని రోజూ అనుకుంటాను.

మొన్న డయాలసిస్ రోజు పొద్దున టక్కుమన్న చప్పుడు వినబడలేదు. తెల్లారిపోయింది, పాలవాడు వెళ్లిపోయాడు, బడిపిల్లలు వెళ్లిపోయారు, సందు నిశ్శబ్దంగా ఉంది. అయ్యో తాతగారు అనుకోవాలి కదా ఎవరైనా? నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట, నా కుర్చీ. నా చేతులు నాకు తెలియకుండానే చీర కుచ్చిళ్లు సర్దుతున్నాయి.

అంతలో వినబడింది. ఆలస్యంగా, మెల్లగా, టక్కు, టక్కు. "పిన్నీ, ఇవాళ నాన్న లేవడానికి మొరాయించాడు!" అని కిటికీలోంచి కూతురు నవ్వుతూ చెప్పి వెళ్లింది.

దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. మా ఆయన రిమ్ము పక్కన పెట్టి లేచి వచ్చి, ఏమైందే, ఎక్కడ నొప్పి అని అడిగాడు. ఏమీ లేదన్నాను.