సైరన్ తర్వాత మా వదిన గొంతు

మా వదిన పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను పార్లర్‌లో ఒక పెళ్లికూతురికి జడ వేస్తున్నాను. ఆ పిల్ల ఫోనులో మోగుతున్నది మా వదిన పాటే. ఒక చెవిలో మా ఆయన "అక్క ఇగ లేదే" అంటున్నాడు, ఇంకో చెవిలో వదిన గొంతు హుషారుగా బావను ఆటపట్టిస్తోంది. పాట ఆపమని ఆ పిల్లకు చెప్పబుద్ధి కాలేదు. జడ పూర్తి చేసి, పూలు పెట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి పంపాక కూర్చుని ఏడ్చాను. పెళ్లికూతురిని సగం జడతో వదిలి వచ్చానని తెలిస్తే వదిన లేచి వచ్చి తిట్టేది.

ఆమె మా ఆయనకు అక్క. పెళ్లయిన కొత్తలోనే ఆ కాపురం తనకొద్దని పెట్టె సర్దుకుని, గోదావరిఖనిలో తమ్ముడికి బొగ్గుగని కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌కు వచ్చేసింది. నేను కోడలిగా అడుగుపెట్టేనాటికే ముందుగది ఆమెది. ఆడబిడ్డ ఉన్న ఇంటికి పిల్లనిస్తున్నారేమిటని మా అమ్మవైపు వాళ్లు తెగ బెంగపడ్డారు. వచ్చిన మర్నాడే వదిన నన్ను పిలిచి, "పిల్లా, నీకు చాయ పెట్టుడొస్తదా? నాకైతే రాదు. నేను పాడ్త, నువ్వు చాయ పెట్టు" అంది. ఆ ఒప్పందం చివరిదాకా నడిచింది. ఆమె పోయిన పొద్దున కూడా నేను పెట్టి ఫ్లాస్కులో పోసి వచ్చిన చాయే మా ఆయన ఆమెకు పట్టుకెళ్లాడు. అప్పటికే ఆమె లేదు.

వదిన గొంతు సన్నది కాదు. కొంచెం బరువుగా, అంచున గరుకుగా ఉండేది. పెళ్లిళ్లలో, బోనాలలో పాడుతూ ఉండేది. ఒకసారి మంచిర్యాలలో ఎవరో చిన్న స్టూడియో పెట్టుకుంటే పోయి ఒక పాట రికార్డు చేయించింది. రెండో షిఫ్టు దిగి ముఖం కడగకుండానే వచ్చిన బావను గుమ్మంలోనే నిలబెట్టి ఆటపట్టించే పాట. అది ఫోన్లలోకి ఎక్కింది, తర్వాత డీజే పెట్టెల్లోకి ఎక్కింది. కమాన్‌పూర్ నుంచి రామకృష్ణాపూర్ దాకా ఆ పాట పడకుండా పెళ్లి బరాత్ కదిలేది కాదు. వదిన కూరగాయలకు పోతే వంకాయలు ఏరుకోవడం పక్కనపెట్టి సెల్ఫీలు దిగాల్సి వచ్చేది. దవడలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఎంత పెద్ద స్టేజీ అయినా కూర్చుని పాడేది కాదు. "కూసుంటే పాట కూడ కూసుంటదే" అనేది.

అంత పేరు వచ్చాక ఎవరైనా దాన్నే పట్టుకుని ఉంటారు. మా వదిన మాత్రం నలభై దాటాక, ఒక మధ్యాహ్నం మా పార్లర్ అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకుని, "పిల్లా, నేను సినిమాల యాక్ట్ జేస్త" అంది.

"పాటలు పాడ్తవా వదినె?"

"పాట గాదే. మాట. అందరి లెక్క మాట్లాడ్త, కొట్లాడ్త, ఏడుస్త."

వీధి వీధంతా నవ్వింది. హీరోయిన్ వేషమే ఇస్తారా, తల్లి వేషమా అని ఎకసెక్కాలాడారు. మా ఆయన తక్కువ మాట్లాడే మనిషి. భూమి లోపల పనిచేసీ చేసీ మాటలు అక్కడే వదిలి వస్తాడని వదిన వెక్కిరించేది. ఆయన ఒక్కటే అడిగాడు: "హైద్రాబాద్‌కు ఎట్ల వోతవక్కా? బస్సుకా, రైలుకా?" ఆ ఇంట్లో అంతకంటే పెద్ద దీవెన లేదు.

పాట పేరు మీద మొదటి వేషం తొందరగానే దొరికింది. పెళ్లి సీన్లో హీరోకు మేనత్త. నాలుగు మాటలు. సినిమా విడుదలైన రోజు అందరం ఆటోలు కట్టించుకుని మంచిర్యాల పోయాం. తెర మీద వదిన వచ్చింది. మేం ఈలలు వేశాం. వదిన నోరు తెరిచింది. అందులోంచి ఇంకెవరిదో తీగలాంటి సన్నని గొంతు వచ్చింది. ఈలలు ఆగిపోయాయి. వదిన చేయి నా చేతిలో ఉంది. అది చల్లబడటం నాకు తెలిసింది.

తిరిగి వస్తూ గోదావరి వంతెన మీద అంది: "పాటకు నా గొంతు గావాల్నట. మాటకు వద్దట. ఇదేం ఇచ్చంత్రమే పిల్లా?"

తర్వాత వచ్చిన వేషాలూ అంతే. ఆమె ముఖం, ఇంకొకరి గొంతు. అడిగితే, మీ యాస కామెడీకైతే బాగుంటుందమ్మా, ఏడిస్తే జనం నవ్వుతారు అని చెప్పారట. అప్పుడు వదిన ఒట్టు పెట్టుకుంది. "నేను నోరు తెరిస్తే నా గొంతే రావాలె. లేకుంటే నోరు తెరువ." దాంతో సినిమా ఫోన్లు ఆగిపోయాయి. మంచి అవకాశాలు కాలదన్నుకుంటోందని చుట్టాలంతా తలా ఒక మాట అన్నారు. ఆమె విన్నదీ లేదు, నటన మానిందీ లేదు. మధ్యాహ్నాలు నా పార్లర్ అద్దం ముందు నిలబడి సాధన చేసేది. ముఖానికి ప్యాక్ వేసుకుని పడుకున్న నా గిరాకీలే ఆమె ప్రేక్షకులు. ప్యాక్ వేసుకున్నవాళ్లు కదలకూడదు కదా. వదిన ఏడుపు సీను మొదలుపెట్టిందంటే అందరి ముఖాల మీదా చారలు పడేవి, నేను ప్యాక్ మళ్లీ వేయాల్సి వచ్చేది. నా పొడి ఖర్చంతా వదిన కళకే పోతోందని నేను సణిగేదాన్ని. "సిగ్గువడుకుంట నిలవడితే కెమెరా కూడ సిగ్గువడ్తదే పిల్లా. వీళ్ల ముంగట సిగ్గు వోతే యాడికన్న వోత" అనేది.

చాలా రోజులకు ఒక కొత్త డైరెక్టర్ పిలిచాడు. పెద్ద వేషమేం కాదు, హీరోయిన్ ఇంట్లో వంటమనిషి. గొంతు సంగతి వదిన ముందే అడిగితే "చూద్దాంలెండి" అన్నారట. జడ వేయడానికి నేనూ వెంట హైదరాబాద్ పోయాను. వంటింటి సెట్టు వేశారు. గోడకు స్టీలు గిన్నెల స్టాండు, పళ్లేలు, గ్లాసులు, అన్నీ తళతళలాడుతున్నాయి.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాకు మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ ఉంటుంది. ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి భూమి లోపలి నుంచి ఒక దెబ్బ, ఇళ్లు అదురుతాయి. సైరన్ వినగానే మాలో ఎవరైనా సరే మాట్లాడుతున్న మాట ఆపి, దగ్గరున్న గిన్నెల స్టాండుకో, పటానికో చేయి ఆనిస్తారు. దెబ్బ పడి అదురు తగ్గాక మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే కాబట్టి మాకు అది ఒక పనిగా కూడా అనిపించదు.

షాట్ మొదలైంది. హీరోయిన్ ఏడుస్తూ తన గోడు చెప్పుకుంటోంది. వదిన వింటోంది. బయట జనం గోల ఎక్కువైందని ఎవరో అసిస్టెంటు చేతిమైకులో సైరన్ నొక్కాడు. అంతే, వదిన ఎడమ చేయి గిన్నెల స్టాండు మీదికి పోయింది. కుడిచేత్తో ఆ పిల్లను గోడ దగ్గరి నుంచి లాగి ఒళ్లోకి అదుముకుంది. దెబ్బ కోసం ఎదురుచూస్తూ కదలకుండా నిలబడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, తలుపు పక్కన నేను మేకప్ పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. సెట్టంతా చప్పుడు లేదు. దెబ్బ రాలేదు. వదిన మెల్లగా చేయి తీసి, ఆ పిల్ల ముఖం ఎత్తి, "ఊఁ, ఇగ చెప్పు" అంది.

అన్నాక గుర్తొచ్చి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇది హైద్రాబాద్ గదా!"

అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టర్ నవ్వలేదు. లేచి దగ్గరికొచ్చాడు.

"ఏం చేశారమ్మా ఇప్పుడు?"

"తప్పైంది సారూ. మా తాన సైరన్ మోగితే గిన్నెలు వడకుంట వట్టుకుంటం. చెయ్యి దానంతటదే వోయింది."

"చివర్లో ఒక మాట అన్నారు. మళ్లీ అదే చేసి, అదే మాట అనండి."

ఇంకొకరైతే మహాభాగ్యమని చేసేసేవాళ్లు. మా వదిన నడుము మీద చేయి వేసుకుంది. "అంట సారూ. అన్నదాన్ని అన్నట్టే ఉంచాలె. నా గొంతే ఉంచాలె. ఉంచరంటె ఇప్పుడే చెప్పుండ్రి, బస్సున్నది." నేను మేకప్ పెట్టె మూత బిగించాను. అంతమంది ముందు, లైట్లన్నీ వెలుగుతుండగా బేరం పెట్టింది.

"ఆ మాట ఇంకెవరి గొంతులో పెట్టినా చచ్చిపోతుందమ్మా. మీదే ఉంటుంది" అన్నాడు డైరెక్టర్.

వేషం మారిపోయింది. వంటమనిషి బొగ్గుగనుల ఊరి నుంచి వచ్చిన మనిషైంది. ఆమెకొక గతం, ఒక కోపం, క్లైమాక్సుకు ముందు హీరోయిన్ తండ్రిని నిలదీసే సీను వచ్చాయి. అంతా మా యాసలోనే.

గోదావరిఖనిలో ఆ సినిమా పడిన మొదటి రోజు, డ్యూటీ లేనివాళ్లంతా హాల్లోనే ఉన్నారు. ఆ సీను వచ్చింది. తెర మీద సైరన్ మోగింది. హాలు మొత్తం మాట ఆపేసింది! నా ముందు వరుసలో, మా పక్క క్వార్టర్‌లో ఉండే, మేమంతా ఖాలా అని పిలిచే పెద్దామె నీళ్ల సీసాను గట్టిగా పట్టుకుంది. ఎవరో పక్కవాడి సమోసా పొట్లం పట్టుకున్నారు. మా ఆయన ముందు సీటును రెండు చేతులా ఒత్తి పట్టుకున్నాడు. మరుక్షణం తెలిసొచ్చి, "అల్లా, గిక్కడ కూడనా!" అని ఖాలా గట్టిగా నవ్వింది, ఆమెతో హాలంతా నవ్వింది. ఆ నవ్వు మీదుగా తెర మీంచి బరువుగా, గరుకుగా, అచ్చం మా ముందుగదిలోంచి వచ్చినట్టు, "ఊఁ, ఇగ చెప్పు" అని వినిపించింది.

ఆ తర్వాత మాటలెవరికి వినబడ్డాయి? ఈలలు, చింపిన కాగితాలు, అరుపులు. వదిన లేచి నిలబడింది. ఎంత లాగినా కూర్చోలేదు. "నా గొంతేనే పిల్లా! ఇన్నవా? నాదే!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. తర్వాత తండ్రిని నిలదీసే సీనులో హాలంతా ఏడ్చింది. ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుండెల్లో నిండుగా ఉంది.

ఆపైన ఎవరూ ఆమె నోట్లో ఇంకో గొంతు పెట్టలేదు. తల్లిగా వేసింది, సర్పంచిగా వేసింది, ఒకసారి జడ్జిగా కూడా వేసి, "మన మాటల్లనే శిక్షేసిన పిల్లా" అని వారం రోజులు మురిసింది. ఊళ్లో బస్సు కండక్టరు నుంచి నా గిరాకీల దాకా అందరి నోటా "ఇగ చెప్పు" ఊతపదమైంది. ఎంత ఎదిగినా షూటింగు అయిపోగానే ముందుగదికి వచ్చేసేది. చాయ పెట్టడం మాత్రం నేర్చుకోలేదు.

ఆమెను సాగనంపే రోజు క్వార్టర్ ముందు షామియానా కింద అద్దం పెట్టెలో పడుకోబెట్టాం. దవడలో ఒక లవంగం నేనే పెట్టాను. మంచిర్యాల నుంచి, రామకృష్ణాపూర్ నుంచి జనం వస్తూనే ఉన్నారు. డప్పులు, ఏడుపులు, వాటి మధ్య ఎవరి ఫోనులోనో ఆమె పాట. అంతలో సైరన్ మోగింది.

డప్పులు ఆగాయి. ఏడుపులు ఆగాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పెట్టె చుట్టూ ఉన్న చేతులన్నీ ముందుకు వచ్చి అద్దం మీద ఆనాయి. ఖాలా చేయి, నా చేయి, పేరు తెలియని ఎందరివో చేతులు. పక్కన చోటు దొరకనివాళ్లు ముందున్నవాళ్ల భుజాలు పట్టుకున్నారు. దెబ్బ పడింది. నేల అదిరింది. అద్దం అదరలేదు.

అదురు తగ్గాక కూడా ఎవరూ మాట మొదలుపెట్టలేదు. అందరం ఆమె ముఖం వైపే చూస్తున్నాం. అప్పుడు మా ఆయన, ఆ తక్కువ మాటల మనిషి, అద్దం మీద నుంచి చేయి తీయకుండానే వంగి, "ఊఁ, ఇగ చెప్పక్కా" అన్నాడు.