మార్తమ్మ టీచర్ సొరబుర్ర

నిన్న ఉదయం ఆరూ పదికి మా వీధిలోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. డ్రమ్ములో ముంచిన బిందె గుడగుడమంటూ మునిగింది. మార్కాపురంలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా ఆ చప్పుడు వింటే నాకు రాచర్ల దగ్గరి మా ఊళ్ళో మా చేని బావి గుర్తొస్తుంది, దాని వెంటే మార్తమ్మ టీచర్. ఆమె పోయి నెల అయింది.

ఆమె మా హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. ఊళ్ళో మా వీధిలోనే అద్దెకు ఉండేవారు. ఎనిమిదో తరగతిలో నేను ఆ బావి మీద ఒక కవిత రాసి చూపించాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయని మొదలుపెట్టాను. "బావిలోకి ఎప్పుడన్నా దిగినావా?" అని అడిగారు. లేదన్నాను. "మరి అద్దమని నీకెవరు చెప్పినారు? దిగి చూసి రాయి. చల్లగుంటే చల్లగుందని రాయి. భయమైతే భయమైందని రాయి. అంతకు మించి కవిత్వమేందే?"

దిగకపోవడానికి కారణం ఉంది. నాకు మూడేళ్ళప్పుడు మా అన్న ఆ బావిలోనే జారిపడి చనిపోయాడు. అప్పటినుంచి అమ్మ నన్ను ఆ గట్టు వైపు పోనివ్వలేదు. సంగతి తెలిసి టీచర్ ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. "ఒకణ్ణి మింగింది చాలు టీచరమ్మా, దీన్ని పంపను" అంది అమ్మ. "ఈత రాకనే కదక్కా పిల్లోడు పోయింది. దీన్ని ఎన్నాళ్ళని కట్టేసుకుంటావు? రేపు పెళ్ళి చేసి ఇచ్చిన ఊళ్ళో బావి ఉండదా?" చివరికి అమ్మ, "తాడు నేనే పట్టుకుంటా. అట్లయితేనే" అంది.

మా వైపు ఈత నేర్పడమంటే వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి నీళ్ళలోకి దింపడమే. నాకు దానికి తోడు నడుముకు తాడు కూడా. టీచర్ చీర గోచీ బిగించి నాతోపాటు దిగేవారు. నా తల కాస్త మునిగితే చాలు, గట్టు మీద అమ్మ తాడు లాగేసేది. నేను కాళ్ళాడించడం మాని తాడు పట్టుకుని వేలాడేదాన్ని. వారం రోజులు ఇదే తంతు. టీచర్‌కు ఓపిక పోయింది. "అక్కా, ఈత నేర్పుతున్నామా, నీళ్ళు చేదుతున్నామా? అది పిల్ల, బకెట్టు కాదు!" గట్టు మీది ఆడవాళ్ళంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు.

తొమ్మిదో రోజు టీచర్, "బుర్ర నేను విప్పను. ఇష్టమైతే నువ్వే విప్పుకో" అన్నారు. మెట్టు పట్టుకుని ముడి విప్పాను. బుర్ర తేలుతూ పోయింది. నేను నడిమికి పోయేసరికి తల మునిగింది, నడుము దగ్గర తాడు బిగిసింది. అంతలోనే వదులైంది. పైకి తేలి చూస్తే తాడు కొస నా పక్కనే నీళ్ళలో పడి ఉంది. అమ్మ ఖాళీ చేతులతో నిలబడి అరుస్తోంది: "ఈదవే! ఈదు!" అవతలి మెట్టు దాకా ఈదాను. ఆ రోజు రాసినవి మూడే వాక్యాలు: నీళ్ళు చల్లగా ఉన్నాయి. ముక్కులోకి పోయాయి. అమ్మ తాడు వదిలింది. టీచర్ చదివి, "ఇది నీది" అన్నారు.

రిటైరయ్యాక ఆమెకు గుండె జబ్బు వచ్చింది. మెట్లు దిగొద్దని డాక్టర్ చెప్పినా, నీళ్ళున్నన్నాళ్ళూ ఆమె బావికి పోతూనే ఉన్నారు. "జాగ్రత్తగా ఉండాలి కదా టీచర్" అంటే, "జాగ్రత్తగానే కదే, ఒక్కో మెట్టే దిగుతున్నా" అన్నారు. ఆమె పోయింది బావిలో కాదు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్న కుర్చీలో.

ఇప్పటికీ నేను చూడనిదాన్ని రాయను. మా అమ్మాయిని దేనికైనా వద్దనబోయే ముందు, నేను పట్టుకున్నది పిల్లనా, బకెట్టునా అని ఒకసారి చూసుకుంటాను. చుట్టూ బోర్లు పడ్డాక బావి ఎండిపోయింది. మా ఊళ్ళో సొరబుర్రలు ఇప్పుడు ఎవరూ ఎండబెట్టరు.